కాప్రికా పైలట్: సినిమాగా ఫస్ట్ క్లాస్, పైలట్‌గా అత్తెసరు మార్కులు

"ఇందులో యుద్ధనౌక ఒక్కటీ లేదేంటి?" అంతరిక్ష యుద్ధాల టీవీ సిరీస్ బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకి ముందు జరిగిన కథగా తీసిన సిరీస్ కాప్రికా. దాని పైలట్, అంటే తొలి భాగం, గురించి గెలాక్టికా అభిమానుల నోట పదేపదే వినిపించే మాట ఇది. ఆ తర్వాతిది "మరీ సీరియల్‌లా సాగుతోంది". మూడోది "ఆ స్కూలు పిల్లల గొడవ మాకెందుకు?". మొదటి ఫిర్యాదు అన్యాయం. రెండోది సగం నిజం. అసలు జబ్బు మూడోదాని పక్కనే ఉంది, కానీ జనం చెప్పే కారణం వేరు, ఉన్న కారణం వేరు.

ముందు తేదీలు చూడాలి, ఎందుకంటే ఈ పైలట్‌కి వచ్చిన స్పందనలో సగం వాటివల్లే వచ్చింది. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా చివరి భాగం 2009 మార్చి 20న ప్రసారమైంది. నెల తిరిగేసరికి, ఏప్రిల్ 21న, కాప్రికా పైలట్ డీవీడీగానూ డౌన్‌లోడ్‌గానూ బయటికొచ్చేసింది. టీవీలో వేసింది మాత్రం 2010 జనవరి 22న. ఈలోగా ఛానల్ పేరు కూడా సై ఫై నుంచి సిఫీగా మారి, స్పెల్లింగే కొత్తదైపోయింది. అంటే వీరాభిమానులు దీన్ని గెలాక్టికా ముగింపు మీద వాదులాట ఇంకా చల్లారకముందే చూశారు, చెవుల్లో దాని సంగీతంలోని డప్పుల మోత ఆగకముందే చూశారు. టీవీలో వచ్చేసరికి వాళ్ల అభిప్రాయాలు గట్టిపడి తొమ్మిది నెలలైంది. కొత్త ప్రేక్షకుడు ఏం చూడబోతున్నాడో తెలుసుకుందామని వెతికితే దొరికింది ఆ పాత కోపమే.

ఇక్కణ్ణుంచి కథ బయటపడుతుంది. చూడనివాళ్లు చివరి మూడు పేరాలకి వెళ్లిపోవచ్చు. ఏ ప్రతి చూడాలో, ఏ వరసలో చూడాలో అక్కడ ఉంది.

కథాకాలం, తెర మీద వేసినట్టే, పతనానికి 58 ఏళ్ల ముందు. పతనమంటే సైలాన్లనే యంత్రాలు మనుషులుండే పన్నెండు గ్రహాల్ని, అంటే పన్నెండు కాలనీల్ని, నాశనం చేసిన ఘటన; కాప్రికా వాటిలో ఒకటి. గెలాక్టికా కథలోని లెక్క తీసుకోండి: పతనానికి నలభై ఏళ్ల ముందు సైలాన్లతో సంధి కుదిరింది, అంతకుముందు యుద్ధం పన్నెండేళ్లు నడిచింది. అంటే యుద్ధం మొదలయ్యేది పతనానికి 52 ఏళ్ల ముందు, ఈ పైలట్ తర్వాత ఆరేళ్లకి. గెలాక్టికా నౌకని కట్టిందే ఆ యుద్ధం కోసం. పన్నెండు కాలనీలు ఒక ప్రభుత్వం కింద ఏకమైందీ ఆ యుద్ధం వల్లే. కాబట్టి యుద్ధనౌక కనబడలేదన్నవాళ్లు ఇంకా పుట్టని బిడ్డకి పేరు పెట్టలేదని అలుగుతున్నారు. ఈ ఫిర్యాదు గాలిలో కలిసిపోవడానికి ఇంకో రుజువుంది. 2012లో బ్లడ్ అండ్ క్రోమ్ అని గెలాక్టికాలోంచి పుట్టిన రెండో కథ, రెండో స్పిన్-ఆఫ్, తీశారు. కుర్ర వయసులో ఉన్న గెలాక్టికా కమాండర్ ఆడామా, వైపర్లనే యుద్ధ విమానాలు, మంచులో పోరాటం, అడిగినవన్నీ అందులో ఉన్నాయి. అది ముందు ఇంటర్నెట్‌లో ముక్కలుగా వచ్చి, తర్వాత టీవీలో ఒక్కటిగా వచ్చి, అక్కడితో ఆగిపోయింది. నౌకలుంటే సిరీస్ నిలబడుతుందన్న లెక్క తేలిపోయింది.

కాప్రికాలో ఉన్నది రెండు కుటుంబాలు. డేనియల్ గ్రేస్టోన్ కంప్యూటర్ల కోటీశ్వరుడు. హోలోబ్యాండ్ అతని సృష్టే. కళ్లకి పెట్టుకుంటే కృత్రిమ లోకంలోకి తీసుకెళ్లే పట్టీ అది. ఇప్పుడు సైన్యానికి యంత్ర సైనికుణ్ణి తయారుచేసిస్తానని కాంట్రాక్టు పట్టాడు, అది నడవడం లేదు. జోసెఫ్ ఆడమ్స్ లాయరు. టారాన్ గ్రహం నుంచి తమ్ముడు శామ్‌తో పాటు అనాథగా వచ్చి, అసలు ఇంటిపేరు ఆడామాని కాప్రికన్ల నోటికి తగ్గట్టు కత్తిరించుకున్నాడు. పగలు కోర్టులో వాదిస్తాడు, సందు దొరికితే హలాతా అనే టారాన్ ముఠా తరఫున జడ్జీలకి కవర్లు అందిస్తాడు. ఒక మ్యాగ్లెవ్ రైల్లో బాంబు పేలుతుంది. డేనియల్ కూతురు జోయీ, జోసెఫ్ భార్య షానన్, కూతురు టామరా అందులో పోతారు. పేల్చింది జోయీ స్నేహితుడు బెన్. బహుదేవతలని కొలిచే లోకంలో ఒకే దేవుణ్ణి నమ్మే రహస్య దళం వాడు. వాళ్లతో పాటు పారిపోవాల్సిన లేసీ ఆఖరి నిమిషంలో రైలెక్కదు.

జోయీ పోయింది గానీ ఆమె రాసిన ప్రోగ్రాం మిగిలింది. వి-క్లబ్ అనే దొంగచాటు వర్చువల్ క్లబ్బులో ఆమె నకలు ఒకటి తిరుగుతోంది. మాట, నడక, కోపం, జ్ఞాపకాలు అన్నీ ఆమెవే. పైలట్‌లో బాగా రాసిన ఘట్టం ఈ నకలు తన పుట్టుక గురించి తండ్రికి చెప్పేది. చాలామంది దాన్ని డైలాగుగా విని వదిలేశారు, నిదానంగా వినాల్సిన చోటది. మెదడులో ఉన్నదాన్ని తిన్నగా దింపుకోవడం కుదరదు, ఎందుకంటే దాన్ని చదివే భాష లేదు. కానీ మనిషి బతికినన్నాళ్లూ బయట జాడలు వదులుతూనే ఉంటాడు. వైద్య పరీక్షల స్కాన్లు, జన్యు వివరాలు, స్కూలు రికార్డులు, మానసిక పరీక్షల ఫలితాలు, ఈమెయిళ్లు, వీడియోలు, నిఘా కెమెరాల ఫుటేజీ, షాపింగ్ రసీదులు, హోటల్ బిల్లులు, ఫోన్ రికార్డులు, సినిమా టికెట్లు, చివరికి మందుల చీటీలు కూడా. వీటన్నిటినీ ఒకచోట పోసి, ఈ పనులన్నీ చేసిన మనిషి ఎలాంటిదై ఉండాలో వెనక్కి లెక్కగట్టడమే ఆమె ప్రోగ్రాం చేసే పని. 2009లో ఇది ఊహ. ఇవాళ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. పోయినవాళ్ల చాట్లు పోసి వాళ్లలా మాట్లాడించే ప్రోగ్రాములు వచ్చేశాయి, పద్ధతి దాదాపు ఇదే.

ఆ ఘట్టంలోనే పెద్ద తప్పు కూడా ఉంది. మనిషి మెదడులో ఉండేది సుమారు 300 మెగాబైట్లేనట. లెక్క చూద్దాం. మామూలు సీడీలో పట్టేది 700 మెగాబైట్లు, అంటే ఒక్క సీడీలో ఇద్దరు మనుషులు పట్టి ఇంకా జాగా మిగులుతుంది! మనిషి జన్యుక్రమంలో సుమారు 320 కోట్ల అక్షరాలుంటాయి. నాలుగు రకాల అక్షరాలు కాబట్టి ఒక్కోదానికి రెండు బిట్లు వేసినా 800 మెగాబైట్లవుతుంది. జన్యువులకే చాలని చోట మెదడెలా పడుతుంది? మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు, వాటి మధ్య అతుకులు వంద లక్షల కోట్ల దరిదాపుల్లో ఉంటాయి. ఒక్కో అతుక్కి ఒక్క బైటు చొప్పున వేసినా వంద టెరాబైట్లు. రచయితలు ఆ అంకె చెప్పకుండా ఉండుంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకి పాత సూత్రం ఒకటుంది: యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పు, ఎంత పడుతుందో చెప్పకు. అంకె వేసిన రోజు నుంచే అది పాతబడటం మొదలవుతుంది.

దీనికంటే గట్టిగా తగిలే లొసుగు ఇంకోటుంది. డేనియల్ ఆ నకలుని ఆమె ఇష్టం లేకుండా క్లబ్బు నుంచి తన పరికరంలోకి లాక్కొస్తాడు. ఆమెని యంత్ర సైనికుడి తలలోకి ఎక్కించాలంటే మెటా-కాగ్నిటివ్ ప్రాసెసర్ అనే చిప్పు కావాలి. అది టారాన్‌లోని వెర్గిస్ కంపెనీ సొత్తు. జోసెఫ్ ద్వారా హలాతా ముఠాతో దాన్ని దొంగిలింపజేస్తాడు. చిప్పు వస్తుంది, ఆమెని ఎక్కిస్తాడు, యంత్రం కళ్లు తెరిచి ఒక్క మాట పలికి కుప్పకూలుతుంది. నకలు పోయిందనుకుని డేనియల్ కుమిలిపోతాడు. బాగానే ఉంది, కానీ బ్యాకప్ ఏది? ఫైలుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపేముందు ఒక ప్రతి దాచుకోవాలని ఆఫీసు గుమాస్తాకైనా తెలుసు. పన్నెండు కాలనీలకీ హోలోబ్యాండ్ అమ్మినవాడికి తెలీదా? ఆమెని నకలు తియ్యడానికి వీల్లేదనడానికి కారణం ఒక్క వాక్యంలో పెట్టుంటే సరిపోయేది. పైలట్‌లో ఆ వాక్యం లేదు. కథ నడవడానికి ఆమె ఒక్కతే ఉండాలి కాబట్టి ఒక్కతే ఉంది, అంతే.

అయినా ఈ లొసుగులు సినిమాని కూల్చవు. ఎందుకంటే దాని బరువంతా ఇద్దరు తండ్రుల మీద ఉంది, ఆ ఇద్దరూ మోశారు. ఎరిక్ స్టోల్జ్ డేనియల్‌ని అరవకుండా, ఏడవకుండా, కంపెనీ మీటింగులో బేరమాడే గొంతుతోనే కూతుర్ని వెనక్కి తెచ్చే పథకం చెప్పేవాడిలా చేశాడు. భయం పుట్టేది అక్కడే. దుఃఖం కూడా అతనికి ఇంజినీరింగ్ సమస్యే. ఈసై మొరాలెస్ చేసిన జోసెఫ్ దీనికి సరిగ్గా ఎదురు. ప్రతి సీన్లోనూ ఏదో ఒకటి మింగుతూ కనబడతాడు. మృతుల బంధువుల్ని పిలిచిన చోట సిగరెట్టు దగ్గర మొదలైన పరిచయం, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పిరమిడ్ అనే బంతాట చూడటం, ఈ చిన్న చిన్న సీన్లు కథకి పట్టెడన్నం పెట్టాయి. "సీరియల్‌లా ఉంది" అన్న మాట ఈ భాగానికి అంటదు. ఆ మాట అంటేది ఇళ్లల్లో జరిగే కొన్ని సీన్లకి, ముఖ్యంగా మొదట్లో తల్లీకూతుళ్ల కొట్లాటకి. తల్లిగా చేసిన పాలా మాల్కమ్సన్ మంచి నటి, కానీ పైలట్‌లో ఆమెకిచ్చింది చెంపదెబ్బ, కన్నీళ్లు, వంటింటి వెలుతురు. అంతకుమించి పెద్దగా ఏమీ ఇవ్వలేదు.

టామరా సీన్ గురించి విడిగా చెప్పాలి. చిప్పు సాయానికి బదులుగా డేనియల్ అదే ప్రోగ్రాంతో జోసెఫ్ కూతురి నకలు కట్టి, హోలోబ్యాండ్ చేతికిస్తాడు. చీకటి గదిలో ఆ పిల్ల ఉంటుంది. నాన్నని చూసి సంతోషం, వెంటనే అయోమయం, ఆ వెంటనే భయం. తన గుండె కొట్టుకోవడం తనకి తెలియడం లేదని పిల్ల కేకలు పెడుతుంది. రోబోల కథల్లో యంత్రానికి ప్రాణముందా లేదా అన్నది ఎప్పుడూ బయటివాళ్లు అడిగే ప్రశ్న. ఇక్కడ లోపలున్నదే అడుగుతోంది, తనలో ఏదో తక్కువైందని దానికే తెలుసు. రెండు నిమిషాల సీన్ అది, గెలాక్టికా మొత్తం మీద ఉన్న మంచి సీన్లతో సరితూగుతుంది. జోసెఫ్ హోలోబ్యాండ్ పీకేసి ఇది ఘోరం అంటాడు. డేనియల్‌కి అర్థం కాదు. అతని దృష్టిలో అది ఇంకా సరిచెయ్యాల్సిన లోపం, అంతే.

మతం సంగతి తెలివిగా రాశారు. పన్నెండు కాలనీలకి పలు దేవతల్ని కొలవడం గాలి పీల్చినంత మామూలు. ఒకే దేవుడంటే అనుమానించాల్సిన మాట. రైలు కేసు చూస్తున్న ఏజెంట్ డ్యూరామ్, స్కూలు ప్రధానోపాధ్యాయిని సిస్టర్ క్లారిస్ ముందు దీన్నే పెడతాడు: మంచి చెడ్డలన్నీ ప్రశ్నించడానికి వీల్లేని ఒక్క శక్తే తేలిస్తే, దాని పేరుతో ఎంత దారుణమైనా చెయ్యొచ్చు కదా అని. క్లారిస్‌గా చేసిన పాలీ వాకర్ ఆ మాట విని ముఖంలో ఏమీ మారనివ్వకుండా ఉండటం చూడండి. గెలాక్టికాలో సైలాన్లు ఒక్క దేవుడి పేరెందుకు జపిస్తారన్నది నాలుగు సీజన్లు నలిగిన ప్రశ్న. దానికి జవాబు ఇక్కడ ఒక పదహారేళ్ల పిల్ల తలలోంచి వస్తుంది. యుద్ధం గురించి ఒక్క తుపాకీ పేలకుండానే చెప్పగలిగారు.

వి-క్లబ్ మొదటి సీన్ మాత్రం ఎవరికోసం తీశారో తెలియదు. నగ్నంగా జనం, కాల్పులు, హెకటే దేవతకి నరబలి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. హద్దుల్లేని లోకంలో పిల్లలు ఏం చేస్తారో చూపడం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, కానీ పాత్రలెవరో తెలియకముందే ఇది చూపిస్తే మనం చూసేది హంగామాని మాత్రమే. అదే సీన్ జోయీ ఇల్లు, స్కూలు చూసిన తర్వాత వస్తే ఆ పిల్ల దేన్నుంచి పారిపోతోందో తెలిసేది.

జెఫ్రీ రైనర్ దర్శకత్వంలో కంటికి నచ్చేవి చాలా ఉన్నాయి. గెలాక్టికాలో చేతిలో ఊగే కెమెరా, బూడిద రంగు. ఇక్కడ స్థిరమైన ఫ్రేములు, బంగారు వెలుతురు. మగాళ్ల నెత్తిన యాభైల నాటి టోపీలు, ఇంట్లో సెర్జ్ అనే పనివాడు రోబో, టేబుల్ మీద మడతపెట్టి దాచుకునే కాగితం కంప్యూటర్. టీవీ ప్రసారమైన ఐదో రోజునే, జనవరి 27న, ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ని ప్రపంచానికి చూపించింది. ఆ వారం ఆ కాగితం కంప్యూటర్‌ని చూసి నోరెళ్లబెట్టినవాళ్లు రెండోసారి చూసేసరికి అది పాతదైపోయింది. టారాన్ల పచ్చబొట్లు, వాళ్లని కాప్రికన్లు తిట్టే "మట్టి తినేవాడు" అన్న తిట్టు, ఇవి ఒక వలస కులాన్ని నాలుగు గీతల్లో నిలబెట్టాయి. బేర్ మెక్రీరీ సంగీతం కూడా గెలాక్టికా డప్పులు వదిలి తీగ వాయిద్యాల మీద నడుస్తుంది. మొదటిసారి వింటే చప్పగా అనిపిస్తుంది. జోసెఫ్ కొడుక్కి అసలు ఇంటిపేరు చెప్పే సీన్లో ఎందుకలా కట్టారో అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు జబ్బు. పైలట్‌కి మంచి కథ ఒక్కటే ఉంటే సరిపోదు. రెండో వారం ఈ మనుషులు పొద్దున్నే లేచి ఏం పని మీద బయల్దేరతారో అది చెప్పాలి. ఇదే వంశానికి దగ్గరి ఉదాహరణ తీసుకుందాం. స్టార్ ట్రెక్ స్పిన్-ఆఫ్ డీప్ స్పేస్ నైన్ పైలట్, 1993 జనవరిలో వచ్చిన ఎమిసరీ. అదీ దుఃఖం కథే. వూల్ఫ్ 359 యుద్ధంలో భార్యని పోగొట్టుకున్న సిస్కో మూడేళ్లుగా ఆ క్షణంలోనే ఇరుక్కుపోయి ఉంటాడు, వచ్చిన ఉద్యోగం వద్దనుకుంటాడు. కాలమంటే తెలియని జీవులు అతనికి ఆ సంగతి చూపిస్తాయి. చివరికి బయటపడతాడు. ఆ దుఃఖం తీరేసరికి కథ చేతికి ఇంకోటి వచ్చేసింది: ఒక పాత స్టేషన్, పక్కనే కొత్తగా దొరికిన వర్మ్‌హోల్ అనే అంతరిక్షపు అడ్డదారి, దాని మీద కన్నేసిన కార్డాసియన్ జాతి, అతని మీద నమ్మకం లేని బేజోరన్ జాతి. రేపు ఉదయం పని బోలెడుంది. స్టార్‌గేట్ అట్లాంటిస్ పైలట్, 2004లో వచ్చిన రైజింగ్, ఇంకా మొరటుగా ఇదే చేసింది: నీటి మీద తేలిన నగరం, సరిపడని విద్యుత్తు, తామే నిద్రలేపిన రేత్‌లనే శత్రువులు. ఆ సిరీస్ ఐదేళ్లు నడిచింది.

కాప్రికా పైలట్ ముగిసేసరికి ఏం మిగిలింది? జోసెఫ్ నకలు కూతుర్ని కాదన్నాడు, ఇంటిపేరు మార్చుకున్నాడు, కొడుక్కి వంశం గురించి చెప్పాడు. అతని కథ పూర్తయిపోయింది, సినిమాలో పూర్తయినంత శుభ్రంగా. డేనియల్ యంత్రం సైన్యం ముందు అద్భుతంగా గురి తప్పకుండా కొట్టింది, కాంట్రాక్టు దక్కింది. అడ్డొచ్చిన రక్షణ మంత్రిని శామ్ చంపేశాడు. ఇద్దరు తండ్రులూ ఒకర్నొకరు ఇంకోసారి కలవాల్సిన అవసరమే లేదు. సినిమాకి ఇంతకన్నా మంచి ముగింపు ఉండదు. పైలట్‌కి మాత్రం ఇది గోతిలో పడ్డట్టే, ఎందుకంటే చివరి నిమిషంలో ఫోన్ మోగుతుంది. యంత్రంలో బతికే ఉన్న జోయీ ఆ ఫోన్ చేసింది తండ్రికి కాదు, లేసీకి. అంటే రేపటి పని ఆ ఇద్దరు ఆడపిల్లల చేతికి, సిస్టర్ క్లారిస్ స్కూలుకి వెళ్లింది. గంటన్నర సేపు మనం ప్రేమించినవాళ్లని వదిలి, పరిచయం మాత్రమే అయినవాళ్ల వెంట రమ్మంటున్నారు. "స్కూలు పిల్లల గొడవ మాకెందుకు" అన్న విసుగు అక్కడ పుట్టింది. తప్పు జోయీగా చేసిన అలెసాండ్రా టొరెసానీది కాదు, లేసీగా చేసిన మాగ్డా అపనోవిచ్‌దీ కాదు. జోయీని, నకలుని రెండు వేరు మనుషులుగా టొరెసానీ నిలబెట్టిన తీరు చూసుకోండి, మెడ తిప్పడంలోనే తేడా ఉంటుంది.

ఇలా ఎందుకైందో ఈ పైలట్ పుట్టుకలో కొంత కనబడుతుంది. గెలాక్టికా నిర్మాతలు రోనాల్డ్ డి. మూర్, డేవిడ్ ఐక్ దగ్గర సైలాన్ల పుట్టుక గురించి ఒక ఆలోచన ఉండేది. రెమీ ఆబుషాన్ అనే రచయిత అదే స్టూడియోకి కృత్రిమ మేధ మీద వేరే కథ పట్టుకొచ్చాడు. రెండిటినీ కలిపేశారు. 2006లో ప్రకటించి, పక్కన పెట్టి, 2008 మార్చిలో రెండు గంటల టీవీ సినిమాగా తియ్యమన్నారు, నచ్చితే సిరీస్‌గా తీసుకుంటామని. అలాంటి షరతు మీద రాసినప్పుడు రచయిత రెండు పడవల మీద కాళ్లు పెట్టాలి: సిరీస్ రాకపోయినా కథ ముగియాలి, వస్తే ముగియకూడదు. మూర్, ఆబుషాన్ ముగించే వైపే మొగ్గారు. సిరీస్ 2008 డిసెంబర్లో ఖాయమైంది. 2010 అక్టోబర్ 27న, ఇంకా ఐదు భాగాలు ప్రసారం కావాల్సి ఉండగానే, ఛానల్ ఆపేసింది. ఆ ఐదింటినీ 2011 జనవరి 4న ఒక్కరోజులో వేసి దులిపేసుకుంది.

చూడబోయేవాళ్లకి. రెండు ప్రతులున్నాయి. డీవీడీ ప్రతిలో వి-క్లబ్ సీన్లు కత్తిరించకుండా ఉన్నాయి, టీవీ ప్రతిలో నగ్నత్వం తీసేశారు. కథలో తేడా ఏమీ రాదు. పక్కన పిల్లలుంటే టీవీ ప్రతి కూడా కుదరదు, బలి, కాల్పులు, రైలు పేలుడు అందులోనూ ఉన్నాయి. డీవీడీలో రైనర్, మూర్, ఐక్‌ల వ్యాఖ్యానం ఉంది, తీసేసిన సీన్లున్నాయి. వ్యాఖ్యానం రెండోసారి చూసేటప్పుడు పెట్టుకోండి.

గెలాక్టికా చూడకుండా దీన్ని చూడొచ్చా? కథ అర్థమవుతుంది. రెండు చోట్ల మాత్రం ఒళ్లు పులకరించదు: ఆడామా అన్న పేరు వినబడ్డప్పుడు, యంత్రాన్ని సైలాన్ అని పిలిచినప్పుడు. కనీసం 2003 నాటి మినీ సిరీస్ ముందు చూసేస్తే అవి దక్కుతాయి. గెలాక్టికా పూర్తిగా చూసి వచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక. పదకొండేళ్ల విల్లీ ఆడామాని చూసి, వీడేనా మన కమాండర్ అని వయసులు, ముఖ కవళికలు కొలవడం మొదలుపెట్టకండి. ఆ లెక్క కుదరకపోవడం వెనక సిరీస్ చివర్లో ఒక మలుపుంది. ఇంటర్నెట్‌లో వెతికితే మొదటి వాక్యంలోనే చెప్పేస్తారు.

పైలట్ నచ్చి తర్వాతివి బరువుగా అనిపిస్తే వరసగా లాగడం మానేసి, దేర్ ఈజ్ అనదర్ స్కై అన్న భాగం దాకా వెళ్లండి. పైలట్‌లో జోసెఫ్ హోలోబ్యాండ్ పీకేసి వదిలేసిన టామరా ఆ కృత్రిమ లోకంలో తన దారి వెతుక్కునేది అందులోనే. తాను చనిపోయానని ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.